సముద్రం అడుగు చూడాలనుకుంటే



ఇవాళ నేను మాట్లాడబోయే సంగతి వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఆవకాయలో మెంతిపిండి పాళ్ళు చెప్పవలసిన మనిషి సముద్రం అడుగుకు దిగడం గురించి చెబుతానంటుందేమిటా అని. నేనూ మొదట నవ్వినదాన్నే. రెండేళ్ళ కిందట ఒక రాత్రి మా అబ్బాయి అన్నం తింటూ, "అమ్మా, ఈసారి ఊటీ వద్దు, స్కూబా డైవింగ్‌కు వెళదాం" అన్నాడు. నేను నవ్వాను. వాళ్ళ నాన్నగారు "ఎంతవుతుందిట?" అన్నారు. మా అత్తగారు మాత్రం పెరుగు వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని, "సముద్రాన్ని చూడ్డానికి మనం వెళ్ళడమెందుకురా? అదే ఒకసారి మనల్ని చూడ్డానికి వచ్చింది, చాలదూ?" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు రేపల్లె దగ్గర. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ గాలివాన మన గుంటూరు తీరాన్నీ వదిలిపెట్టలేదు. ఆ రాత్రి సంగతి ఆవిడ ఇప్పటికీ పూర్తిగా చెప్పరు. కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్ళినా, చెంబుతో నీళ్ళు తెప్పించుకుని ఒడ్డునే నెత్తిన పోసుకుంటారు. అలాంటి ఇంట్లోంచి బయల్దేరినందువల్లనే కాబోలు, తెలుసుకోవలసినవి కాస్త శ్రద్ధగానే తెలుసుకున్నాను. అయినా ఒక పెద్ద పొరబాటు చేశాను. అదీ చెబుతాను.

ముందు స్కూబా అంటే ఏమిటో రెండు ముక్కలు. వీపున గాలి సిలిండరు, దాని గొట్టం నోట్లో, కళ్ళకూ ముక్కుకూ కలిపి ఒక అద్దం తొడుగు, కాళ్ళకు బాతుపాదాల్లాంటి రెక్కలు. 1943లో ఫ్రాన్సులో కూస్తో అనే నౌకాదళ అధికారి, గగ్నాన్ అనే ఇంజనీరు కలిసి ఈ పరికరానికి ఒక రూపం తెచ్చారు. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు, మనం పీల్చే మామూలు గాలినే కుక్కి నింపుతారు. నీళ్ళలో పది మీటర్లు దిగేసరికి ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ఎంత లోతుకు వెళితే అంత ఒత్తిడితో గాలి అందించడమే ఆ పరికరం చేసే పని. ఒత్తిడి అన్న ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే జాగ్రత్తలు చాలావరకు దానిలోంచి పుట్టినవే.

"మనకు సూర్యలంక ఉంది, వాడరేవు ఉంది, అక్కడే దిగితే పోలా?" అని మా తోడికోడలు అడిగింది. సబబైన ప్రశ్నే. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. చీరాల పక్కనే వాడరేవు. ఆ దిగువన మోటుపల్లి. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు సర్వం లాగేసుకునే రోజుల్లో, అలా చెయ్యం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. అంత పేరున్న తీరమే. కానీ మన సముద్రం అడుగంతా చదునైన ఇసుక, ఒండ్రు. కృష్ణమ్మ ఏటా తెచ్చిపోసే మట్టితో నీళ్ళు కలకబారి ఉంటాయి. చెయ్యి చాపితే చెయ్యి కనిపించని చోట దిగి చూసేదేముంది? చేపలు కుదురుగా కాపురముండడానికి పగడాల దిబ్బలూ లేవు. మన దేశంలో చెప్పుకోదగ్గ పగడాల దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు – ఈ నాలుగు చోట్లే.

మన తీరం గురించి మరొక్క ముక్క చెప్పి ముందుకు వెళతాను. సూర్యలంకలోనూ, వాడరేవులోనూ, రామాపురంలోనూ స్నానానికి దిగిన పిల్లలు కొట్టుకుపోయారన్న వార్త మనం తరచు చదువుతూనే ఉన్నాం. అలలు విరుగుతున్న చోటికంటె, రెండు అలల వరసల మధ్య నున్నగా నల్లగా కనిపించే చోటే ప్రమాదం. ఒడ్డుకు వచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి పరుగెత్తే దారి అది. అందులో పడితే ఒడ్డుకేసి ఈదకూడదు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈది ఆ దారిలోంచి తప్పుకోవాలి. స్కూబాకు వెళ్ళినా వెళ్ళకపోయినా పిల్లలకు ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇహ మనవాళ్ళు వెళ్ళగలిగినవి ముఖ్యంగా రెండు చోట్లు. ఒకటి విశాఖ. ఋషికొండ వైపు స్కూబా చేయిస్తున్నారు. పగడాల తోటలు ఉండవు, రాళ్ళూ వాటిని పట్టుకుని బతికే జీవాలూ కనిపిస్తాయి. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరతాం. రెండోది అండమాన్. ఖర్చూ శ్రమా ఎక్కువ, కానీ నీళ్ళు అద్దంలా ఉంటాయి.

మేము మొదట విశాఖ వెళ్ళాం. మాది మిర్చియార్డులో కమీషన్ వ్యాపారం. ఫిబ్రవరి నెల. టిక్కీలు లారీల మీద లారీలు దిగుతున్న రోజులు. అయినా రెండు రోజులు ఎలాగో తెమల్చుకుని వచ్చారు మావారు. అక్కడ నీళ్ళలోకి దిగేముందు ఒక కాగితం ఇచ్చారు. గుండెజబ్బు ఉందా, మూర్ఛ ఉందా, ఉబ్బసం ఉందా, చెవికి ఆపరేషన్ అయిందా – అవునో కాదో గీత పెట్టాలి. మావారికి మార్కెట్టు కాగితాలు నింపే అలవాటు గదా, నలుగురి కాగితాలూ ముందేసుకుని టకటకా "లేదు, లేదు, లేదు" అని గీసేసి, "ఇక్కడ సంతకం పెట్టు" అని నాకు అందించారు.

పేరు నాది, సంతకం నాది, జవాబులు ఆయనవి.

కలం పట్టుకుని నిలబడిపోయాను. ఎందుకంటే నాకు ఏటా కళ్ళాల్లో కాయ ఎండబోసిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు పిల్లికూతలు వస్తాయి. మాత్ర వేసుకుంటాను, తగ్గుతుంది. పన్నెండేళ్ళుగా ఇదే వరస. గుంటూరులో ఉంటూ మిరప ఘాటుకు దగ్గానని చెప్పుకోవడం కూడా ఒక జబ్బేనా అనుకుని ఎవరికీ చెప్పలేదు. "ఉబ్బసం దగ్గర 'ఉంది' అని రాయాలండీ" అన్నాను. ఆయన నా మొహంకేసి చూసి, "ఎప్పట్నించి?" అన్నారు. చెప్పాను. ఆ రోజంతా ఆయన మళ్ళీ సరిగా మాట్లాడలేదు. కోపమని కాదు, సిగ్గుపడ్డారు. డాక్టరు చీటీ లేనిదే దించమని అక్కడివాళ్ళు మర్యాదగానే చెప్పారు. నలుగురి చెప్పులూ సంచులూ కాపలా కాస్తూ ఒడ్డున కూర్చున్నాను. ఇంట్లోనే ఆ పన్నెండేళ్ళ సంగతి చెప్పి ఉంటే, ప్రయాణం వేరే నెలలో పెట్టుకునేవాళ్ళం.

ఉబ్బసానికీ దీనికీ ఏమిటి సంబంధం అంటారేమో. పది మీటర్ల లోతున పీల్చిన గాలి పైకి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి రెట్టింపు చోటు అడుగుతుంది. ఊపిరి వదులుతూ ఉంటే ఆ గాలి బయటికి పోతుంది. ఊపిరి బిగబట్టినా, కఫంతోనో వాపుతోనో గొట్టాలు మూసుకుపోయినా, లోపల చిక్కిన గాలి ఊపిరితిత్తిని చీల్చగలదు. ఎంత భయమేసినా నీళ్ళలో ఊపిరి బిగబట్టకూడదు అని మొట్టమొదటి పాఠంగా చెప్పేది అందుకే. మిరప దుమ్ములోనూ, జిన్నింగు మిల్లుల పత్తి దుమ్ములోనూ బతికే మన ప్రాంతం వాళ్ళు ఈ ప్రశ్న దగ్గర మరీ నిజాయితీగా ఉండాలి.

తిరిగి వచ్చాక ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గొట్టంలోకి ఊదించి పరీక్ష చేశారు. మందు మార్చారు. దుమ్ము లేని కాలంలో, కొన్ని నెలలపాటు ఒక్క పిల్లికూత కూడా రాకపోతే, మళ్ళీ ఊదించి చూసి అప్పుడు చెబుతానన్నారు. డిసెంబరు చివర మళ్ళీ ఊదాను. సంతకం పెట్టారు. ఇది నా సంగతి మాత్రమే. ఉబ్బసం ఉన్న అందరికీ ఆ సంతకం దొరకదు, దొరకనూ కూడదు. మా తోడికోడలికి చిన్నప్పుడు చెవికి ఆపరేషన్ అయింది. చెవి డాక్టరు ఆవిడను ససేమిరా వద్దన్నారు. నేను బతిమాలినా వద్దన్నారు.

ఆడవాళ్ళం పైకి అడగని ప్రశ్నలు రెండున్నాయి, నేనే చెప్పేస్తాను. గర్భిణులు దిగకూడదు. అనుమానం ఉన్నా దిగకూడదు. నెలసరి మాత్రం అడ్డంకి కాదు, ఒంట్లో ఓపిక ఉంటే దిగవచ్చు. సొరచేపలు వస్తాయన్న మాట నమ్మకండి. బి.పి., షుగరు మందులు వాడేవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరును అడగాలి. జలుబు చేస్తే ఆ రోజుకు మానుకోవడమే. ముక్కు మూసుకుని మెల్లిగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలి గదా, జలుబులో ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. పిల్లలకు కనీసం పదేళ్ళు నిండాలి. మొదటిసారి సరదాగా దిగేవాళ్ళను పక్కనే మనిషిని పెట్టి పన్నెండు మీటర్లకు మించకుండా తీసుకెళతారు. దానికి ఈత రానక్కర్లేదంటారు. రాకపోయినా దించుతారు, నిజమే. కానీ నా మాట వింటే, ముందు ఒక నెలపాటు ఈతకొలనులో మొహం నీళ్ళలో పెట్టడం అలవాటు చేసుకోండి. భయంలో సగం అక్కడే పోతుంది.

ఈ వయసులో ఆడదానికి ఇదేమిటి అనేవాళ్ళకు ఒక సమాధానం. కొరియాలో జెజు అనే దీవి ఉంది. అక్కడ ఆడవాళ్ళే, అరవైలు డెబ్బైలు దాటిన అమ్మమ్మలు కూడా, సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి నత్తగుల్లలు ఏరుకొచ్చి సంసారాలు నడుపుతారు. వాళ్ళను హెన్యో అంటారు. 2016లో యునెస్కో వారు ఆ సంప్రదాయాన్ని తమ జాబితాలో చేర్చారు. మనం వెళ్ళేది వేడుకకు, వాళ్ళు వెళ్ళేది కూటికి.

ఇహ ఎప్పుడు వెళ్ళాలి? అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. అండమాన్‌కు మే మూడోవారానికల్లా నైరుతి వచ్చేస్తుంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. తమాషా ఏమిటంటే మన మిరపకాయ వచ్చేదీ అప్పుడే. యార్డుకు సెలవులిచ్చేది మే నెలలో. యార్డుకు సెలవులొచ్చే వేళకు సముద్రం తలుపులు మూసుకుంటుందన్నమాట. ఇద్దరికీ కుదిరే రోజు కోసం కాచుకుంటే ఈ జన్మకు కుదరదు. అందుకని సంక్రాంతి సెలవులకు నేనూ, మా తోడికోడలూ, ఇద్దరు పిల్లలూ వెళ్ళాం. మావారు స్టేషనుకు వచ్చి రైలెక్కించారు. మగదిక్కు లేకుండా ఎలాగని అడిగినవాళ్ళు ఉన్నారు. సీజన్‌లో మాకు ఇంట్లోనూ ఉండదు కదా అన్నాను.

ప్రయాణం రోజులు వేసుకునేటప్పుడు చివరినుంచి మొదటికి లెక్క వేయండి. తిరుగు విమానం ఏ రోజో ముందు రాసుకోండి. నీళ్ళలో ఒత్తిడికి గాలిలోని నత్రజని మన రక్తంలోకీ కండల్లోకీ ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక మెల్లిగా బయటికి పోతుంది. పూర్తిగా పోకముందే విమానమెక్కితే, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ గనక, మూత తీసిన గోలీసోడాలాగ లోపల బుడగలు కడుతుంది. కీళ్ళనొప్పుల నుంచి కాళ్ళు పడిపోవడం దాకా ఏదైనా కావచ్చు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, అంతకంటె ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాలంటారు. ఒక పూర్తి రోజు ఉంచుకుంటే బెంగ ఉండదు.

విశాఖ వెళ్ళేవాళ్ళు "మేము రైల్లోగదా వచ్చేది" అని నిశ్చింతగా ఉంటారు. రైలుతో పేచీ లేదు. పేచీ అరకుతో. పొద్దున ఋషికొండలో దిగి, మధ్యాహ్నం అరకు బయల్దేరే ప్రోగ్రాం చాలామంది వేసుకుంటారు. అరకు సముద్రమట్టానికి దాదాపు తొమ్మిదివందల మీటర్ల ఎత్తు, దారిలో ఘాట్ ఇంకా ఎక్కువ. విమానానికి పెట్టుకున్న లెక్కే దానికీ పెట్టుకోవాలి. అరకు ముందు చూసి వచ్చి, సముద్రం చివర పెట్టుకుంటే సరిపోతుంది.

అండమాన్‌కు మేము వేసుకున్న లెక్క ఇదీ. తిరుగు విమానానికి ముందురోజు దీవినుంచి పట్నానికి వచ్చేయాలి. ఎందుకంటే సముద్రం బాగాలేకపోతే ఫెర్రీలు ఆపేస్తారు. విమానం రోజునే ఫెర్రీ పెట్టుకుని ఏడ్చినవాళ్ళను అక్కడ చూశాం. దానికి ముందురోజు ఖాళీ. ఆ ముందురోజు డైవింగ్. గాలి బాగాలేక ఆ రోజు దించకపోతే ఖాళీ రోజున దిగవచ్చు. వెళ్ళేటప్పుడు తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు – ఏ స్టేషన్లో ఎక్కినా మద్రాసు దారే. చెన్నైనుంచి విమానం రెండు గంటల పైచిలుకు. ఓడమీద వెళితే మూడు రోజుల దాకా పడుతుంది. తీరిక ఉన్నవాళ్ళ మాట అది. పేర్లు మారాయి, తికమక పడకండి. హేవ్‌లాక్ దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్, పోర్ట్‌బ్లెయిర్ 2024 నుంచి శ్రీవిజయపురం. భాషకు బెంగ లేదు. అక్కడ మన తెలుగువాళ్ళు బోలెడంతమంది. ఫెర్రీ రేవులో చీటీలు చూసే అబ్బాయి మాది శ్రీకాకుళం వైపండీ అని సంచులు కూడా మోసిపెట్టాడు.

అలల సంగతి తెలుసుకోవడానికి హైదరాబాదులో 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. జాలరులకోసం అలల ఎత్తు ముందుగా చెబుతుంది. వారి మాట మనకూ పనికొస్తుంది.

డైవింగ్ చేయించేవాళ్ళను అడగవలసినవి అడగడానికి మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు అంచు రెండువైపులా తిప్పి చూస్తామే, ఇది అంతకంటె ముఖ్యం కదా. నీళ్ళలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క మనిషి ఉంటాడా? అతనికి శిక్షణ పత్రం ఉందా? పడవలో ఆక్సిజన్ ఉందా? ఏదైనా అయితే ఎక్కడికి తీసుకువెళతారు? ఆరోగ్యం కాగితం ఇవ్వకుండా "ఏం ఫరవాలేదమ్మా, దిగండి" అనేవాళ్ళ దగ్గర దిగకండి. రేటు తక్కువ చెప్పినా సరే.

బట్టల గురించి మన బెంగ అంతా అనవసరం. ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులు ఇస్తారు. చలి ఆగుతుంది, పగడం గీరుకోదు. గాజులు, చెవి దుద్దులు, వదులుగా ఉన్న ఉంగరాలు గదిలో దాచిరండి. మంగళసూత్రాలు తీయడం ఇష్టం లేకపోతే దుస్తుల లోపలికి వేసుకోండి, బయట వేలాడకూడదంతే. తలకు నూనె రాసుకుని వెళితే అద్దం పట్టీ జారుతుంది. జడ కిందికి బిగించి కట్టుకోండి. మీసాలున్న మగవాళ్ళకు అద్దం తొడుగులోకి నీళ్ళు కారుతాయట, ఆ తంటా మనకు లేదు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు పవరున్న అద్దం తొడుగు ఉందేమో ముందే కనుక్కోండి. పొద్దున్నే పులిహోర, పెసరట్టు లాంటివి వద్దు. రెండిడ్లీలు తిని, నీళ్ళు బాగా తాగి వెళ్ళండి.

లోపల దేన్నీ ముట్టుకోకూడదు. పగడం రాయిలా కనిపిస్తుంది గాని, అది ప్రాణి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలా తెల్లబడిపోయాయి, చాలా చచ్చిపోయాయి కూడా. గుర్తుగా ముక్క తెచ్చుకుందామంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. విమానాశ్రయంలో పెట్టెలు వెతుకుతారు.

మేము దిగింది హేవ్‌లాక్‌లో నీమో రీఫ్ అనే చోట. మొదట నడుంలోతు నీళ్ళలో అరగంట నేర్పారు. నోటితో పీల్చడం, నోటితో వదలడం, అద్దంలోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది పంపేయడం, చెవి నొప్పి అయితే చేత్తో చెప్పడం. ఒక పొరబాటు అందరూ చేస్తారట, నేనూ చేశాను. అంతా బాగుందని బొటనవేలు పైకి చూపించాను. అక్కడ దానర్థం "పైకి వెళదాం" అని. ఆ అమ్మాయి నన్ను పైకి తీసుకొచ్చేసింది! తరవాత రెండు వేళ్ళు కలిపి సున్నా చుట్టడం నేర్చుకుని మళ్ళీ దిగాను. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. పన్నెండేళ్ళుగా రాత్రిళ్ళు భయపడుతూ విన్న ఊపిరే, అక్కడ సాఫీగా వస్తూ పోతూ ఉంది. ఒక పూలగుత్తిలాంటి దానిలో నారింజరంగు చేపలు మూడు. నేను వంగి చూస్తే లోపలికి దూరి, మళ్ళీ ఒకటి తల బయటపెట్టి నాకేసి చూసింది. పొరుగింటావిడ కిటికీలోంచి చూసినట్టే. ఇరవై నిమిషాలేనట. మా తోడికోడలు దిగలేదు గనక, ఆ మర్నాడు మా ఖాళీ రోజున నీల్‌కు వెళ్ళి భరత్‌పూర్ దగ్గర అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చుని చీర తడవకుండా అన్నీ చూసింది. నాకంటె ఎక్కువ చేపలు చూశానని ఇప్పటికీ వాదిస్తుంది.

నేను దిగిన రోజు సాయంత్రం ఇంటికి ఫోను చేశాను. మావారు యార్డు సంగతులు చెప్పి ఫోను అత్తగారికిచ్చారు. ఆవిడ సముద్రం గురించి ఒక్క ముక్క అడగలేదు. కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి, "ఆయాసం రాలేదు గదా అమ్మాయీ?" అన్నారు. రాలేదన్నాను. ఆవిడకు మొదటినుంచీ తెలుసన్నమాట.